కొలువు ఒకచోట – నెలవు మరొకచోట

పూర్వం మనిషి ఉండవలసిన ఊరిని అతని వృత్తి నిర్ణయించేది. సేద్యగాడు పొలాన్ని విడిచి పోలేడు. గుమాస్తా కచేరీకి దూరంగా కాపురం పెట్టలేడు. రైల్వే ఉద్యోగి బదిలీ ఉత్తర్వు అందగానే పెట్టే బేడా సర్దుకొనేవాడు. కంప్యూటరు, అంతర్జాలం ఈ బంధాన్ని క్రమంగా సడలించాయి. 2020లో కరోనా మహమ్మారి ప్రబలి కార్యాలయాలు మూతపడినప్పుడు, హైదరాబాదు, బెంగుళూరు నగరాలలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులలో ఎందరో స్వగ్రామాలకు చేరి అక్కడి నుంచే విధులు నిర్వర్తించారు. పల్లెటూరి మిద్దె మీద కూర్చొని అమెరికా సంస్థకు పని చేయవచ్చునని ఋజువైన తరువాత, ఆ మిద్దె సముద్రమధ్యంలోని ఒక దీవిలో ఎందుకు ఉండకూడదన్న ఆలోచన కలగడం సహజమే.

ఆ ఆలోచన కలిగిన అనేక దేశాల యువతీయువకులు ఎంచుకొన్న చోటు ఇండొనేషియాలోని బాలీ ద్వీపం. ఉష్ణమండలానికి చెందిన ఈ దీవి వైశాల్యం సుమారు 5,780 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు దాదాపు 43 లక్షలు. వారిలో అత్యధికులు హిందువులు. కొబ్బరితోటలు, మెట్లు మెట్లుగా దిగే వరిమళ్ళు, అగ్నిపర్వతాలు, కెరటాలు – ఛాయాచిత్రాలలో అన్నీ మనోహరంగానే ఉంటాయి. దూరపు కొండలు నునుపు. దగ్గరికి వెళ్ళి, నెలల తరబడి ఉండదలచినవారికి మాత్రం ఏ ఊరిలో, ఎటువంటి ఇంటిలో, ఎవరి పక్కన అన్న ప్రశ్నలు ఎదురవుతాయి.

ఊరిని ఎంచుకొనే విషయంలో తెలుగువారికి ఒక పాత కొలబద్ద ఉన్నది. అవసరానికి ఆదుకొనే మనిషి, వైద్యుడు, నీటివసతి ఉన్నాయో లేదో చూచి మరీ ఊరిలో అడుగుపెట్టమన్నాడు సుమతీ శతకకారుడు. నేటి దూరోద్యోగుల కొలబద్ద వేరు. అంతర్జాల వేగం, కాఫీశాల, ఈతకొలను, కిటికీ తెరిస్తే పచ్చని పొలం – ఇవి ఉంటే చాలునన్నది వారి ధోరణి. వీటిని కోరడం తప్పు కాదు. అంతర్జాలం లేనిదే వారికి జీతం రాదు. అయితే ఈ రెండు కొలబద్దలలో ఏది మేలైనదని ప్రశ్నించుకొంటే, పాతదే మేలని బాలీ అనుభవం చాటుతున్నది.

దక్షిణ తీరంలోని చంగూను తీసుకొందాం. కొన్ని దశాబ్దాల క్రితం అది వరిపొలాల నడుమ ఉన్న పల్లె. కెరటాల మీద పలకలతో ఆడుకొనే విదేశీయులు మొదట వచ్చారు. తరువాత అద్దె విల్లాలు, వ్యాయామశాలలు, పలువురు కలిసి పని చేసుకొనే కార్యశాలలు వెలిశాయి. దూరోద్యోగి కోరేవన్నీ నేడు అక్కడ ఉన్నాయి. కాని ఎడ్లబండి పోవడానికి సరిపడే దారులలో స్కూటర్లు, కార్లు బారులు తీరి నిలిచిపోతాయి. రాత్రివేళ మద్యశాలల సంగీతం చెవులు చిల్లులు పడేట్లు మోగుతుంది. అన్నిటికంటె విచిత్రమైనది పొలాల సంగతి. వరిచేను కనబడే గదికి అద్దె ఎక్కువ కనుక చేను పక్కన విల్లా కడతారు. ఆ విల్లాలోని వానికి చేను కనబడుతుంది. మరుసటి ఏడు ఆ చేనులోనే ఇంకొక విల్లా లేస్తుంది. పచ్చదనాన్ని వెదకుతూ వచ్చినవారి రాకయే పచ్చదనాన్ని మింగివేస్తున్నది.

పొలం పోతే పోయేది దృశ్యం మాత్రమే కాదు. బాలీలో వరిమళ్ళకు నీరు పంచే ‘సుబాక్’ అనే రైతుల సహకార వ్యవస్థ తొమ్మిదవ శతాబ్ది నుంచి ఉన్నది. కొండ మీది నీరు కాలువల గుండా, ఆనకట్టల గుండా ఒక మడి నుంచి మరొక మడికి దిగుతుంది. ఎవరు ఎప్పుడు నాట్లు వేయాలో, ఎవరికి ఎంత నీరు చెందాలో రైతులు జలదేవాలయాలలో సమావేశమై నిశ్చయించుకొంటారు. చెరువు కింద మడులకు నీరు మళ్ళించే నీరటికాడిని ఎరిగిన తెలుగు రైతుకు ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. 2012లో యునెస్కో 19,500 హెక్టార్ల సుబాక్ భూములను, వాటి దేవాలయాలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఈ వ్యవస్థలో ఎగువ మడిని పూడ్చి గోడ కడితే దిగువ మడికి వెళ్ళే కాలువ తెగుతుంది. ఒకని భూమి అమ్మకం నలుగురి పంటకు సంబంధించిన వ్యవహారమవుతుంది. విల్లాలోని అతిథికి ఈ సంగతి తెలియదు. తెలుసుకొనే అవసరం ఉన్నదని కూడా అతనికి తోచదు.

2025 సెప్టెంబరులో బాలీని వరదలు ముంచెత్తాయి. పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అసాధారణమైన వర్షమే దానికి ప్రధాన కారణం. అయినా నీరు ఇంకవలసిన నేల కాంక్రీటు కిందికి పోవడం, చెత్తతో కాలువలు మూసుకొనిపోవడం ఆపదను పెంచాయన్న విమర్శ ఆ దీవిలోనే బలంగా వినవచ్చింది.

ఇక డబ్బు విషయం. ఆ దేశ ప్రభుత్వం 2024లో దూరోద్యోగుల కోసం ప్రత్యేక వీసా ప్రవేశపెట్టింది. విదేశీ సంస్థకు పని చేస్తూ ఏడాదికి కనీసం 60,000 డాలర్లు ఆర్జించేవారు దానితో ఒక సంవత్సరం నివసించవచ్చు. చంగూ ఉన్న బడుంగ్ జిల్లాలో 2025లో కనీస నెలవేతనం సుమారు 35 లక్షల రూపియాలు. లక్షలు చూచి భ్రమపడనక్కరలేదు. డాలర్లలో అది రెండువందల పైచిలుకు మాత్రమే. కాఫీ అందించే యువకుని ఆదాయానికి, ఆ కాఫీ తాగే అతిథి ఆదాయానికి మధ్య ఇరవై రెట్లకు పైగా అంతరం ఉన్నదన్న మాట. ఇటువంటి ఇద్దరు ఒకే వీధిలో అద్దె గది కోసం పోటీ పడితే గది ఎవరికి దక్కుతుందో చెప్పవలసిన పని లేదు. స్థానిక విద్యార్థులు, కూలివారు నెలవారీ అద్దెకు ఉండే గదులను అక్కడ ‘కోస్’ అంటారు. పొదుపరితనం పేరిట విదేశీ ఉద్యోగి ఆ గదులను ఆక్రమించడం, విల్లాలో విలాసంగా ఉండడం కంటె ఎక్కువ హాని చేయవచ్చు.

ఈ రెంటికీ మధ్యేమార్గం ఒకటి ఉన్నది. ఉబుద్ పరిసరాలలో బాలీ కుటుంబాలు తమ ఇంటి ఆవరణలోనే ఒకటి రెండు గదులు కట్టి అద్దెకిస్తాయి. ప్రహరీ లోపల వేరువేరు కట్టడాలు, ఈశాన్యంలో కుటుంబ దేవాలయం, మధ్య ముంగిలి – ఇది అక్కడి సంప్రదాయ గృహం. అద్దె సొమ్ము నేరుగా ఆ ఇంటివారికే చేరుతుంది. కొత్తగా పొలం పూడ్చనక్కరలేదు. జ్వరం వచ్చిన రాత్రి తలుపు తట్టడానికి ఒక మనిషి ఉంటాడు. శతకకారుడు చెప్పిన ఆదుకొనే మనిషి ఇతడే. ఇంటి పిల్లల అల్లరి, వేకువజామున కోడికూతలు భరించక తప్పదు. సముద్రం సుమారు గంట ప్రయాణమంత దూరం. ఏకాంతమే పరమావధి అయినవారికి ఈ ఇల్లు నచ్చదు.

పగటివేళల లెక్క కూడా ముఖ్యమే. బాలీ కాలం భారత కాలానికి రెండున్నర గంటలు ముందు. హైదరాబాదులో ఉదయం తొమ్మిదిన్నరకు మొదలయ్యే పని అక్కడ మధ్యాహ్నం పన్నెండుకు మొదలవుతుంది. ఇది సుఖమే. న్యూయార్కు సంస్థకు పని చేసేవారికి మాత్రం రాత్రి తొమ్మిది, పది గంటలకు కొలువు ప్రారంభమవుతుంది. వారు పగలు నిద్రించవలసినవారు కనుక నిర్మాణపు పనులు సాగే వీధికి దూరంగా ఉండాలి. అటువంటివారికి సానుర్ అనుకూలం. పగడపు దిబ్బ అడ్డుగా ఉండడంచేత అక్కడి సముద్రం ప్రశాంతం. రాజధాని దెన్‌పసార్ ఆసుపత్రులు సమీపంలోనే ఉన్నాయి. సానుర్‌లోనే 2025లో ఒక పెద్ద అంతర్జాతీయ వైద్యశాల ప్రారంభమైంది. మందకొడి ఊరని యువకులు దానిని పరిహసిస్తారు. ఉత్తరాన లోవినా, తూర్పున అమెద్ మరింత నిశ్శబ్దమైనవి, చవకైనవి. కాని పెద్ద ఆసుపత్రికి గంటల కొద్దీ కొండదారి ప్రయాణం. దక్షిణాన బుకిత్ సున్నపురాతి పీఠభూమి. నేల మీద నీరు నిలవదు. అక్కడ ఈతకొలను ఉన్న ఇంటిని కోరేవాడు ఆ నీరు ఎక్కడి నుంచి వస్తున్నదని ఒకసారి అడగడం మంచిది.

అతిథులు రాకపోతే బాలీ ఎట్లా బ్రతుకుతుందని కొందరి వాదన. దీనిలో సత్యం లేకపోలేదు. 2020లో విదేశీ యాత్రికుల రాక నిలిచిపోగానే హోటళ్ళు మూతపడి వేలాదిమంది జీవనోపాధి కోల్పోయారు. అతిథి కావాలి. ఐతే వారం రోజుల యాత్రికుడు వేరు, ఏడాది నివసించేవాడు వేరు. యాత్రికుడు చూచి పోతాడు. నివాసి ఊరి నీరు తాగుతాడు, ఊరి దారిని వాడుకొంటాడు, ఊరి చెత్తను పెంచుతాడు. అతనిని పొరుగువానిగా లెక్కించాలి తప్ప అతిథిగా మన్నించి వదలివేయడం కుదరదు.

బాలీలో పొరుగుతనానికి ఒక వ్యవస్థయే ఉన్నది. ప్రతి వాడకు ‘బంజార్’ అనే సమాజం ఉంటుంది. పెండ్లి, ఉత్సవం, దహనసంస్కారం అన్నింటిలో ఆ వాడవారు కలిసి శ్రమిస్తారు. ఊరేగింపు నాడు దారి మూసివేస్తారు. కార్యాలయపు సమావేశం ఉన్నదని విదేశీయుడు విసుగుకొంటే ప్రయోజనం లేదు. శక సంవత్సరాదియైన ‘న్యేపి’ తరచుగా మన ఉగాది సమీపంలోనే వస్తుంది. ఆనాడు ఇరవైనాలుగు గంటలపాటు విమానాశ్రయం మూసివేస్తారు. దీపాలు వెలిగించరు, ఎవరూ వీధిలోకి రారు. 2018 నుంచి ఆ రోజు సెల్‌ఫోన్ల అంతర్జాలాన్ని కూడా నిలిపివేస్తున్నారు. సంప్రదాయ రక్షకులు వీధులలో తిరుగుతూ, వెలుతురు కనబడిన ఇంటి ముందు ఆగి హెచ్చరిస్తారు. హోటలు గదిలోని విదేశీయునికి సైతం మినహాయింపు లేదు. ఆ దీవిలో ఉండదలచినవాడు ఇల్లు వెదకడానికి ముందే పంచాంగం చూచి, ఆ రోజుకు తన పై అధికారికి సెలవుచీటీ పంపుకోవలసి ఉంటుంది.