గంట ఎక్కువొచ్చిన రాత్రి

స్నేహితుల్ని చూడ్డానికి పది గంటలు రైల్లో వెళ్ళాలంటే మనం ఏం చేస్తాం? బెర్తు దొరికితే ఎక్కి దుప్పటి కప్పుకుంటాం. ఆ కుర్రాడికి బెర్తు లేదు, రిజర్వేషన్ లేదు. పోనీ ఒకటే రైలా అంటే అదీ కాదు. ఐదు రైళ్ళు మారాలి! చెక్ సరిహద్దుకి దగ్గర్లో ఉండే కెమ్నిట్స్‌లో తెల్లవారుజామున అయిదింటికి రైలెక్కితే, జర్మనీని తూర్పు నుంచి పడమరకి దాటి కొలోన్‌లో దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇంత తిప్పలు ఉండదు. కానీ ఆ టికెట్టు డబ్బుతో వారం రోజులు తినొచ్చు. అందుకే అక్కడ చదువుకునే పిల్లలకి ప్యాసింజర్లే దిక్కు. జర్మనీలో 2023 మే నుంచి ఒక నెలవారీ టికెట్టు వచ్చింది. అది ఉంటే దేశంలో ఏ ఊళ్ళోనైనా సిటీ బస్సు, ట్రామ్, లోకల్ రైలు ఎక్కొచ్చు. 49 యూరోలతో మొదలై 2025లో 58 అయింది. చాలా యూనివర్సిటీలు ఫీజుతోపాటే వసూలుచేసి దాన్ని అరవై శాతం ధరకే విద్యార్థులకిస్తాయి. ఓపిక ఉండాలే గానీ జేబులో ఇంక పైసా తీయకుండా ఆ కొస నుంచి ఈ కొసకి రావచ్చు.

ఓపికకేం, ఇరవై మూడేళ్ళ వయసు!

కాకినాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఆ నలుగురిదీ హాస్టల్లో ఒకే గది. తెనాలి, ఏలూరు, ఖమ్మం, మదనపల్లె. గదిలో ఒకళ్ళనొకళ్ళు ఊరిపేర్లతోనే పిలుచుకునేవాళ్ళు. పై చదువులకి నలుగురూ జర్మనీకే వెళ్ళారు. సీట్లు మాత్రం తలోచోటా వచ్చాయి. తెనాలికి బెల్జియం సరిహద్దులోని ఆఖెన్, ఏలూరుకి మాగ్డెబర్గ్, ఖమ్మానికి డార్మ్‌స్టాట్, మదనపల్లెకి కెమ్నిట్స్. ‘ఒకే దేశంలో ఉన్నారుగా, వారంవారం కలుస్తుంటారేమో’ అనుకున్నారు ఇళ్ళల్లో. ఏడాది గడిచినా నలుగురూ ఒకచోట చేరింది లేదు. ఒకరికి పరీక్ష ఉంటే ఇంకొకరికి డ్యూటీ.

2025లో దీపావళి అక్టోబరు 20, సోమవారం వచ్చింది. ఆరోజు నలుగురికీ క్లాసులే. ‘శనివారం ఆఖెన్‌లో చేసుకుందాం, మా గదికి వచ్చేయండి’ అన్నాడు తెనాలి. ఏలూరు, ఖమ్మం సరేనన్నారు. మదనపల్లె నుంచి గురువారం రాత్రి మెసేజ్ వచ్చింది. ‘షిఫ్ట్ పడింది మామా, మీరు కానివ్వండి’ అని.

ఏలూరు వెంటనే ఫోన్ చేశాడు. ‘ఒరే, గోదాంలో నువ్వు లేకపోతే పెట్టెలు లేవవా? రాకపోతే మేం ముగ్గురం నీ గదికే వస్తాం, ఆదివారం అక్కడ కొట్లు కూడా ఉండవు, ఏం పెడతావో నీ ఇష్టం’ అన్నాడు. జర్మనీలో ఆదివారం నిజంగానే కొట్లు మూసేస్తారు. స్టేషన్లలో తప్ప పాల ప్యాకెట్టు కూడా దొరకదు. ఆ బెదిరింపు పనిచేసింది.

కొలోన్ స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కొండలా నిలబడే కెథెడ్రల్‌ని చూపించి, ‘దానికింద ఉంటాం’ అన్నారు. తప్పిపోయే ప్రసక్తే లేని గుర్తు. 157 మీటర్ల ఎత్తు! 1248లో మొదలుపెట్టిన ఆ గుడి కట్టడం 1880కి గానీ పూర్తవలేదు. మధ్యలో మూడు శతాబ్దాలు పని ఆగిపోయింది కూడా. ఇప్పటికీ ఏదో ఒక పక్క పరంజా కట్టి మరమ్మతులు చేస్తూనే ఉంటారు. గుడి పూర్తయిననాడు ప్రపంచం అంతమైపోతుందని కొలోన్‌వాళ్ళు సరదాగా అంటుంటారు.

డార్మ్‌స్టాట్ నుంచి వచ్చిన ఖమ్మం అందరికంటే హుషారుగా ఉన్నాడు. మైన్స్ దాటాక రైలు రైన్ నది ఒడ్డునే వస్తుంది. కొండకో కోట చొప్పున లెక్కపెట్టుకుంటూ వచ్చాడట. పైకి ఎక్కుదామని పట్టుబట్టిందీ అతనే. దక్షిణపు గోపురానికి 533 మెట్లు. ఇరుకైన మెలికల దారి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందులోనే గోడకి ఒత్తుకుని ఒకరినొకరు తప్పించుకోవాలి. సగం దారిలో 24 టన్నుల బరువున్న గంట ఉంటుంది. అక్కడ ఆగి ఆయాసం తీర్చుకోవచ్చు. కాకినాడలో మూడో అంతస్తుకి పరుగెత్తుకెళ్ళిన నలుగురూ అక్కడ గోడకి చేరగిలబడి ఒకర్ని చూసి ఒకరు నవ్వుకున్నారు. మదనపల్లె నవ్వాడు గానీ పైకి చేరాక ఫొటోలో నిలబడలేదు. ‘నేను తీస్తాలే’ అని ఫోన్ తీసుకున్నాడు. నలుగురి ఫొటో కోసం వచ్చి ముగ్గురిదే తీసుకోవడమేమిటని ఎవరికీ తోచలేదప్పుడు.

అక్కణ్నుంచి ఆఖెన్‌కి గంట ప్రయాణం. తెనాలి గది హాస్టల్లో ఉంది. మంచం, బల్ల వేస్తే మిగిలేది ఇద్దరు పడుకునే జాగా. వంటగది మాత్రం ఉమ్మడిది. అందులో పొగని పసిగట్టి కూసే యంత్రం ఉంటుంది. మన పోపుకీ దానికీ ఆజన్మ వైరం! ఎండుమిర్చి నూనెలో పడకముందే కిటికీలు బార్లా తీసి, ఒకడు తువ్వాలు పట్టుకుని విసురుతుంటే మరొకడు పులిహోర తాలింపు వేశాడు. టపాసులు కాల్చే ప్రశ్నే లేదు. అక్కడ డిసెంబరు 31 రాత్రి నుంచి జనవరి ఒకటి దాకా తప్ప మామూలు జనం బాణసంచా కాల్చకూడదు. ఏలూరు పిన్ని పంపిన గోంగూర సీసా తెరవడమే పండగ. రాత్రి పది దాటితే గట్టిగా మాట్లాడకూడదన్న నియమం ఒకటి. ప్రిన్సిపాల్‌ని అనుకరించి ఖమ్మం గుసగుసగా ఉపన్యాసం ఇస్తుంటే మిగతావాళ్ళు నవ్వు బయటికి రాకుండా దిండ్లలో మొహాలు దాచుకున్నారు.

ఆ రాత్రికి ఒక ప్రత్యేకత ఉంది. జర్మనీలో అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలవగానే గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. మళ్ళీ రెండు అవుతుంది. తెనాలికి అది కళ్ళారా చూడాలని సరదా. నలుగురూ ఫోన్ ముందుపెట్టుకుని కూర్చున్నారు. 2.59... తర్వాత 2.00. ‘గంట ఫ్రీ రా!’ అన్నాడు ఏలూరు.

‘నాకు కంట్రోల్ సిస్టమ్స్ రెండోసారి కూడా పోయింది’ అన్నాడు మదనపల్లె.

ఆ మాటకి అర్థం ఆ గదిలో అందరికీ తెలుసు. జర్మనీలో చాలాచోట్ల ఒక పరీక్షకి మూడే అవకాశాలు. మూడోసారీ తప్పితే కోర్సు నుంచి పేరు తీసేస్తారు. అదే కోర్సులో మరో యూనివర్సిటీలో చేరడానికీ మామూలుగా వీలుండదు. చదువే లేకపోతే చదువు కోసం ఇచ్చిన వీసా ఏమవుతుంది?

ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదని విని ‘జర్మనీ చవక’ అనుకుంటాం. కానీ వీసా ఇవ్వాలంటే ఏడాది ఖర్చు ముందే అక్కడి ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. నెలకి 992 చొప్పున వదులుతారు. ఈ లెక్క మనదగ్గర చాలామంది అమ్మానాన్నలకి కంఠతా వచ్చు. మదనపల్లెలో టమోటా పండించే ఆ తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి కట్టాడు. రెండో ఏడాది డబ్బు అడగలేక కుర్రాడు గోదాంలో చేరాడు. విద్యార్థులు ఏడాదికి 140 రోజులో, 280 పూటలో పనిచేసుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది, పుస్తకమే ఒప్పుకోదు. రాత్రి షిఫ్ట్ చేసి పొద్దున క్లాసులో నిద్రపోతే సబ్జెక్టు ఏం ఎక్కుతుంది?

ఇంట్లో అడిగితే ‘బాగా రాసినా’ అనే చెప్పాడు. రెండుసార్లూ.

‘ఏం కాదులే’ అని ఎవరూ అనలేదు. ఖమ్మం మాత్రం ‘దిద్దిన పేపరు చూసుకున్నావా?’ అని అడిగాడు. అక్కడ ఫలితాలు వచ్చాక ఒకరోజు విద్యార్థుల్ని పిలిచి, దిద్దిన జవాబుపత్రం చూసుకోనిస్తారు. ఎక్కడ పోయిందో తెలుసుకోవచ్చు. మార్కులు తప్పుగా కూడితే అడగొచ్చు. మదనపల్లె వెళ్ళలేదు. ప్రొఫెసర్ మొహం చూడలేక! దానికి తెనాలి కోపంగా ఏదో అనబోయి గొంతు తగ్గించాడు, పది దాటిన నియమం గుర్తొచ్చి. అతనికి ఆ సబ్జెక్టులో మంచి మార్కులే వచ్చాయి. బల్ల సొరుగులోంచి నోట్సు తీసి మంచమ్మీద పరిచాడు. మంగళ, గురువారాలు రాత్రి తొమ్మిదికి వీడియోకాల్. ఆ రెండు రోజులూ షిఫ్ట్ వేయించుకోకూడదు. తగ్గిన డబ్బు ముగ్గురూ పంచుకుంటామన్నారు. మదనపల్లె ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ‘అప్పు’ అని రాసుకుంటే సరే అన్నాడు. మళ్ళీ మూడయ్యేసరికి కూడా ఆ లెక్క తేలలేదు.

ఉదయం ఎనిమిదికి ఫోన్ మోగింది. మదనపల్లె అమ్మ ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి తప్పకుండా చేస్తుంది. అంతకుముందు వారం దాకా అది జర్మనీలో తొమ్మిది. గడియారం మారింది కాబట్టి తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర అయింది. ఆ సంగతి అమ్మకేం తెలుసు?

‘ఇంకా పండుకోనుండావా నాయనా? ఒంట్లో బాగుందా?’

‘బాగుందిమా. నాయనకియ్యి ఒకసారి.’

ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. లోపల ముగ్గురూ నిద్ర నటిస్తూ పడుకున్నారు. తలుపు పూర్తిగా పడలేదు.

‘ఒక పరీక్ష రెండుసార్లు పోయింది నాయనా. నేనే చెప్పలేదు. ఇంకొక్కసారే రాయనిస్తారు.’

అవతల నుంచి కాసేపు ఏమీ వినిపించలేదు.

‘ఎప్పుడంట?’

‘ఫిబ్రవరిలో. తేదీ ఇంకా వేయలేదు.’

‘వేస్తానే చెప్పు. కొత్త కేలండరు రాంగానే గుర్తు పెట్టుకుంటా. మీ అమ్మకు నేను చెప్తాలే, నువ్వేం చెప్పొద్దు.’

పదింటి రైలుకి మదనపల్లె బయలుదేరాడు. మళ్ళీ ఐదు రైళ్ళు. సంచిలో తెనాలి నోట్సు, డబ్బాలో మిగిలిన పులిహోర. ప్లాట్‌ఫారమ్ మీద దారిన పోయేవాళ్ళెవరికో ఫోన్ ఇచ్చి ఏలూరు ఫొటో తీయించాడు. నలుగురిదీ.