కీర్తి ముందా, కృతి ముందా?

విజయం అంటే ఏమిటి? ఈ ప్రశ్నకు మనలో ప్రతి ఒక్కరి వద్దా ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. పరీక్షలో ప్రథమ శ్రేణి, ఆ పిమ్మట ఉద్యోగం, ఆ పిమ్మట హోదా. ఈ విధంగా మెట్టు మీద మెట్టు ఎక్కడమే విజయమని చిన్ననాటి నుండి వింటున్నాము. మెట్టు జారినవానిని చూచి జాలిపడతాము. కాని పై మెట్టు మీద నిలిచి, అక్కడ తనకు కావలసినది లేదని గ్రహించి, తనంత తానుగా వేరొక దారి పట్టినవానిని ఏమనాలి? ఓడినవాడనాలా, గెలిచినవాడనాలా?

ఈ ప్రశ్నను చర్చించడానికి మేము ఒక ఆంగ్ల పాప్ సంగీత బృందం చరిత్రను ఎంచుకున్నాము. ఆ బృందం పేరు ‘టాక్ టాక్’. పాప్ సంగీతమంటే క్షణికమైన కాలక్షేపమనీ, అందులో చర్చించదగినది ఏమీ ఉండదనీ తలచే పెద్దలు కొంచెం ఓపిక పట్టవలెనని మా మనవి. పది సంవత్సరాలలో అయిదు ఆల్బములు మాత్రమే వెలువరించిన ఈ బృందం కథలో కళకూ వ్యాపారానికీ గల సంబంధం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, పెద్ద పెద్ద గ్రంథాలలో కూడ అంత స్పష్టంగా కనిపించడం అరుదు.

1970ల చివరలో బ్రిటనులో ‘పంక్’ అనే తిరుగుబాటు సంగీతం చెలరేగింది. ఆ వేడి చల్లారుతున్న తరుణంలో, దాని చురుకుదనాన్ని నిలుపుకొంటూనే సింథసైజరు వంటి విద్యుత్ వాద్యాలను, శ్రావ్యతను, వేషధారణను కలుపుకొని పుట్టినది ‘న్యూ వేవ్’ ధోరణి. ఆ అల మీదనే 1981లో లండనులో టాక్ టాక్ బృందం ఏర్పడింది. గాయకుడు మార్క్ హాలిస్, డ్రమ్స్ వాయించే లీ హారిస్, బేస్ గిటారు వాద్యకుడు పాల్ వెబ్, కీబోర్డు వాద్యకుడు సైమన్ బ్రెన్నర్ – వీరు నలుగురు.

వీరితో ఒప్పందం చేసుకొన్న సంస్థ ఇ.ఎమ్.ఐ. ఈ పేరు మనకు కొత్తది కాదు. గ్రామఫోను ముందు చెవి యొగ్గి కూర్చున్న కుక్క బొమ్మతో మన ఇండ్లకు రికార్డులు పంపిన హెచ్.ఎమ్.వి. ఆ కుటుంబానికి చెందినదే. అదే సంస్థలో అప్పటికే ‘డురాన్ డురాన్’ అనే బృందం యువతను ఉర్రూతలూగిస్తున్నది. ఇక్కడా జంట పదాల పేరే. అక్కడా జంట పదాల పేరే. డురాన్ డురాన్ తొలి ఆల్బములను తీర్చిదిద్దిన కాలిన్ థర్‌స్టన్‌కే టాక్ టాక్ మొదటి ఆల్బము ‘ది పార్టీస్ ఓవర్’ను కూడ అప్పగించారు. ఆ బృందం కచేరీలకు ముందు వీరి చేత పాడించారు. 1982లో ఆల్బము వెలువడింది. ‘టుడే’ అనే పాట బ్రిటిష్ పట్టికలో మొదటి ఇరవైలో చోటు సంపాదించింది. ఒక అచ్చులో పోసిన బొమ్మకు గిరాకీ ఉంటే అదే అచ్చులో మరొకటి పోయడం వ్యాపార నీతి. ఆ నీతిని మేము నిందించడం లేదు. అచ్చులో పోయబడినది మట్టి కాక మనిషి అయినప్పుడు ఏమి జరుగుతుందనేదే మా ప్రశ్న.

1983లో బ్రెన్నర్ నిష్క్రమించాడు. టిమ్ ఫ్రీజ్-గ్రీన్ అనే నిర్మాత హాలిస్‌కు తోడయినాడు. బృందం ఛాయాచిత్రాలలో కనిపించని ఈ వ్యక్తి వాద్యకుడుగా, సహ రచయితగా తదుపరి కృతులన్నింటికీ వెన్నెముక అయినాడు. 1984లో వెలువడిన ‘ఇట్స్ మై లైఫ్’ ఆల్బముకు స్వదేశంలో కంటె ఐరోపా ఖండంలో ఎక్కువ ఆదరణ లభించింది. అందులోని ‘సచ్ ఎ షేమ్’ పాట జర్మనీ, స్విట్జర్లండు వంటి దేశాలలో మారుమ్రోగింది.

ఈ సందర్భంలో ఒక ఉదంతం చెప్పుకోదగినది. ‘ఇట్స్ మై లైఫ్’ పాటకు టిమ్ పోప్ దర్శకత్వంలో తీసిన వీడియోలో ఎక్కువ భాగం జంతువుల దృశ్యాలే. హాలిస్ ఒక జంతుప్రదర్శనశాలలో నిలబడి ఉంటాడే కాని పెదవి కదపడు. పాట వినబడుతూ ఉంటే పాడినట్లు నటించడం అతనికి అసహ్యం. సంస్థవారు ఒప్పుకోక మళ్లీ తీయమన్నారు. అతడు మళ్లీ తీయించాడు. ఈసారి పాత వీడియోనే తెర మీద వేసి, దాని ముందు నిలబడి, వెక్కిరిస్తున్నట్లుగా అతిగా పెదవులు ఆడించాడు. పైకి చూడగా ఇది ఒక చిలిపి చేష్ట. కాని ఆజ్ఞ పాటిస్తూనే ఆజ్ఞను ధిక్కరించిన ఈ పనిలో రాబోయే సంఘర్షణ అంతా సూక్ష్మంగా ఇమిడి ఉన్నదని మా అభిప్రాయం.

1986లో ‘ది కలర్ ఆఫ్ స్ప్రింగ్’ వెలువడింది. సింథసైజర్లు వెనుకకు తగ్గాయి. పియానో, ఆర్గాన్, గిటారు, పిల్లల బృందగానం ముందుకు వచ్చాయి. ‘లైఫ్స్ వాట్ యు మేక్ ఇట్’ వంటి పాటతో ఆ ఆల్బము బ్రిటనులో ఎనిమిదవ స్థానానికి చేరింది. వారి స్టూడియో ఆల్బములన్నింటిలోను ఎక్కువగా అమ్ముడుపోయినది అదే. ఆ ఏడు యూరప్ అంతటా కచేరీలు చేశారు. ఆ పర్యటన ముగిసిన తరువాత టాక్ టాక్ మరల ఏనాడూ వేదిక ఎక్కలేదు.

విజయ శిఖరం మీద నిలిచిన ఆ బృందానికి సంస్థవారు ధనం విషయంలోను, కాలం విషయంలోను పట్టింపు లేకుండా స్వేచ్ఛ నిచ్చారు. ఆ స్వేచ్ఛను హాలిస్ ఎట్లా వినియోగించాడో చూడండి. లండనులోని వెసెక్స్ స్టూడియోలో 1987, 88 సంవత్సరాలలో నెలల తరబడి రికార్డింగు సాగింది. ధ్వనిముద్రణ నిపుణుడు ఫిల్ బ్రౌన్ పర్యవేక్షణలో, దీపాలు ఆర్పి, చీకటిలో, గోడల మీద రంగుల కాంతి మాత్రమే కదులుతూ ఉండగా వాద్యకులు వాయించేవారు. వయొలిన్ విద్వాంసుడు నైజెల్ కెనెడీ, డబుల్ బేస్ విద్వాంసుడు డానీ థాంప్సన్ వంటివారు వచ్చి మనోధర్మం ప్రకారం వాయించి వెళ్లేవారు. గంటల కొద్దీ వాయించిన దానిలో నుండి కొన్ని క్షణాలు మాత్రమే ఏరుకొని, తక్కినదంతా వదిలివేసి, ఆ ఏరుకున్న ముక్కలను అతికి పాటలుగా కూర్చారు. చెల్మ్స్‌ఫర్డ్ కథీడ్రల్ గాయక బృందం గొంతు కలిపింది.

ఆ విధంగా 1988లో వెలువడినది ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’. అందులో ఉన్నవి ఆరు భాగాలే. మొదటి మూడు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే ప్రవాహంగా సాగుతాయి. ఎక్కడో దూరాన ఒక ట్రంపెట్ పలుకుతుంది, ఆగిపోతుంది, నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నుండి గిటారు ఒక్కసారిగా గర్జిస్తుంది, మళ్లీ నిశ్శబ్దం. నృత్యానికి పనికివచ్చే తాళం లేదు. రేడియోలో మూడు నిమిషాలకు సరిపోయే పల్లవి లేదు. ఆలాపనలో గాయకుడు ఒక స్వరం పలికి ఆగినప్పుడు ఆ విరామం కూడ సంగీతమేనని మన శ్రోతకు తెలుసు. గజల్ వినేవారికి సైతం ఒక పాదానికీ మరొక పాదానికీ నడుమ నిరీక్షణలో గల మాధుర్యం తెలుసు. హాలిస్ ఆ సంగతిని మైల్స్ డేవిస్ జాజ్ నుండి, దెబ్యుసీ వంటి యూరపు స్వరకర్తల నుండి నేర్చుకొన్నాడు. రెండు స్వరాలు వాయించడానికి ముందు ఒక్క స్వరం వాయించడం నేర్చుకోవాలనీ, కారణం లేనిదే ఆ ఒక్కటి కూడ వాయించరాదనీ అతడు అనేవాడు.

అట్టి ఆల్బమును చేతిలో పెడితే వ్యాపార సంస్థకు దిక్కు తోచలేదు. అందులో ‘ఐ బిలీవ్ ఇన్ యు’ అనే భాగాన్ని కత్తిరించి విడి పాటగా విడుదల చేశారు. ఈ సంగీతం చీకటి గదిలో క్షణక్షణం ఏరి కూర్చినది కావున వేదిక మీద మరల పలికించజాలమని చెప్పి హాలిస్ కచేరీలకు నిరాకరించాడు. ఆల్బము బ్రిటిష్ పట్టికలో పందొమ్మిదవ స్థానం వద్ద ఆగిపోయింది.

ఇక న్యాయస్థానాల ఘట్టం. బృందం ఒప్పందం నుండి బయటపడదలచింది. ఒప్పందాన్ని తరువాతి ఆల్బముకు పొడిగించుకొనే హక్కును సంస్థ గడువులోగా వినియోగించుకొన్నదా లేదా అనేది వివాదం. మొదటి తీర్పు సంస్థకు అనుకూలంగా వచ్చింది. అప్పీలు న్యాయస్థానం దానిని త్రోసిపుచ్చి బృందానికి విముక్తి కలిగించింది. ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’ వ్యాపారరీత్యా సంతృప్తికరంగా లేదని సంస్థ వేసిన దావా నిలువలేదు. 1990లో సంస్థ పాత పాటలతో ఒక సంకలనం వెలువరించగా అది చక్కగా అమ్ముడుపోయింది. ఆ ఉత్సాహంలో 1991లో బృందం అనుమతి లేకుండా పాత పాటలను ఇతరుల చేత మార్పించి ‘హిస్టరీ రివిజిటెడ్’ అనే పేర విడుదల చేసింది. హాలిస్ మళ్లీ న్యాయస్థానానికి వెళ్లాడు, గెలిచాడు. మిగిలిన ప్రతులను నాశనం చేయవలసి వచ్చింది.

ఈ వ్యాజ్యాలలో మా దృష్టికి ముఖ్యమైనది ఒక్కటే. కళాకారుడు తన కృతిని అమ్మవచ్చును. అది అతని జీవనాధారం. కాని ఆ అమ్మకంలో రేపటి కృతి ఏ రూపంలో ఉండాలో నిర్ణయించే అధికారం కూడ చేరి ఉన్నదా? నేత పనివానికి నూలు ఇచ్చి, చీర కొలత చెప్పి, అంచు రంగు చెప్పి నేయించుకోవడం సబబే. కవి చేత, గాయకుని చేత అదే తీరున పని చేయించుకొంటే మిగిలేది నిరుటి చీరకు నకలు మాత్రమే. ఆ నకలు కట్టుకోవడానికి సంస్థకు అభ్యంతరం లేకపోవచ్చును. నేసినవాని మనస్సు మాత్రం అంగీకరించదు.

ఎదుటి పక్షం వాదన కూడ వినడం న్యాయం. సంస్థవారు ధనం పెట్టారు, నెలల తరబడి ఎదురుచూచారు. తిరిగి రాబడి కోరడం నేరమా? మునుపటి పాటలను ప్రేమించిన శ్రోతలు నిరాశ చెందలేదా? ఇవి త్రోసిపుచ్చదగిన ప్రశ్నలు కావు. అంతకంటె బలమైన మాట మరొకటి కలదు. హాలిస్‌కు చీకటి గదిలో నెలల తరబడి ప్రయోగాలు చేసే స్వేచ్ఛ ఎక్కడిది? అతడు వదలుకొన్న ఆ జనప్రియ గీతాలు సంపాదించి పెట్టినదే కదా! 2003లో ‘నో డౌట్’ అనే అమెరికన్ బృందం ‘ఇట్స్ మై లైఫ్’ను తిరిగి పాడగా అది అమెరికాలో మొదటి పది పాటలలో నిలిచింది. అచ్చులో పోసిన కాలపు పాట, అచ్చు పగులగొట్టిన చాలా ఏండ్లకు కూడ, దాని కర్తను మరచిపోలేదు. కావున ‘పేరూ డబ్బూ తృణప్రాయం, అన్నీ విసిరివేసి బయలుదేరండి’ అని విద్యార్థులకు బోధించే సాహసం మేము చేయము. ఇంటి బాధ్యతలు నెత్తిన ఉన్న యువకునికి అట్టి బోధ పరిహాసమే అవుతుంది.

మా వాదన వేరు. సంపాదించిన విజయాన్ని దేనికి ఖర్చు చేశామనే దానిని బట్టి మనిషి విలువ తేలుతుంది. డబ్బు వచ్చిన తరువాత మరింత డబ్బు కొరకు, పేరు వచ్చిన తరువాత మరింత పేరు కొరకు పాటుపడడం లోకరీతి. హాలిస్ తన విజయాన్ని మెరుగైన కృతి కొరకు ఖర్చు చేశాడు. 1991లో వేరొక సంస్థ ద్వారా ‘లాఫింగ్ స్టాక్’ అనే అయిదవ ఆల్బము ఇచ్చాడు. అప్పటికి పాల్ వెబ్ కూడ లేడు. బృందం అంతటితో ముగిసింది. 1998లో తన పేరనే ఒక ఆల్బము ఇచ్చాడు. విద్యుత్ వాద్యాల హంగులు వదలి, వాద్యకుల ఊపిరి సైతం వినవచ్చేటంత మెల్లగా సాగే కృతి అది. అటు పిమ్మట సంగీత రంగం నుండి దాదాపు పూర్తిగా తప్పుకొన్నాడు. ఊరూరా తిరుగుతూ మంచి తండ్రిగా ఉండజాలనని చెప్పి ఇంటిని ఎంచుకొన్నాడు. 2019 ఫిబ్రవరిలో, అరవై నాలుగవ ఏట కన్నుమూశాడు.

కాలం ఇచ్చిన తీర్పు చూడండి. వెలువడిన రోజున అంతంతమాత్రంగా అమ్ముడుపోయిన ఆ చివరి రెండు ఆల్బములను ఇప్పుడు ‘పోస్ట్-రాక్’ అనే ఒక సంగీత శాఖకు మూలాలుగా విమర్శకులు లెక్కిస్తున్నారు. తరువాతి తరం గాయకులు వాటికి తమ ఋణాన్ని బాహాటంగా చెప్పుకొన్నారు. పట్టికలో పందొమ్మిదవ స్థానం పొందిన కృతి, ఆనాడు దాని పైన ఉన్న అనేక కృతుల కంటె దీర్ఘాయువు పొందింది. అయితే ఈ తీర్పు రాకపోయినా హాలిస్ చేసిన పని సరియైనదే అని మేమంటాము. మెప్పు ఆలస్యంగా వచ్చినది కనుక అతడు గెలిచాడనడం, మార్కులు చూచి విద్యను కొలవడం వంటిదే.

విద్యార్థి మిత్రులారా! మార్కుల పట్టిక మన చేతికి వస్తుంది, రావలసినదే. దానిని తృణీకరించమని మేము చెప్పము. కాని పట్టిక చేతికి వచ్చిన నాడు, దీనితో నేను ఏమి చేయదలచాను అని ఒక్క క్షణం ఆగి ప్రశ్నించుకోండి. నిండుకుండ తొణకదని మన పెద్దలు అన్నారు. టాక్ టాక్ అంటే ‘మాట మాట’ అని అర్థం. ఆ పేరు పెట్టుకొన్న బృందం మౌనం విలువ నేర్పి వెళ్లిపోయింది. సందడి చేసే కుండలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. వాటి నడుమ కాస్త నిండుగా ఉండడానికి మనం ప్రయత్నించగలిగితే, ఎక్కడో లండనులో చీకటి గదిలో పుట్టిన ఆ సంగీతాన్ని మనం విన్నట్లే అని మా నమ్మకం.