పూసల పెట్టెకు మెమో ఇవ్వరేం?

ఈ వారం నాణ్యతా వారోత్సవాలు. ఫ్యాక్టరీ గేట్లకు 'జీరో డిఫెక్ట్' బ్యానర్లు కట్టారు, షిఫ్టు మొదట్లో కార్మికుల చేత ప్రతిజ్ఞలు చేయిస్తున్నారు. రిజెక్షన్లు తక్కువ వచ్చిన ఆపరేటర్‌కు శాలువా, ఎక్కువ వచ్చినవాడికి మెమో. ఈ తంతు చూస్తే ఒళ్లు మండుతుంది. నాణ్యత పేరెత్తగానే అందరూ తలుచుకునే ఎడ్వర్డ్స్ డెమింగ్ జీవితమంతా పోరాడింది నినాదాల మీద, ర్యాంకుల మీద, భయం మీద. యాజమాన్యాలకు ఆయన చెప్పిన 14 సూత్రాల్లో ఇవన్నీ మానమనే ఉంది.

డెమింగ్ తన సదస్సుల్లో పూసల ఆట ఒకటి ఆడించేవాడు. పెట్టె నిండా పూసలు, ఐదింట ఒకటి ఎరుపు. 50 గుంటలున్న తెడ్డును అందులో ముంచి తీయాలి. తెల్లది మంచి సరుకు, ఎర్రది లోపం. ఒకరి తెడ్డులో ఆరు ఎర్రవి పడతాయి, మరొకరి తెడ్డులో పద్నాలుగు. మేనేజర్ పాత్ర కట్టిన డెమింగ్ మొదటివాణ్ని మెచ్చుకుని రెండోవాణ్ని తిడతాడు. మరుసటి విడతలో ఇద్దరూ తారుమారు కావచ్చు. పెట్టెలో పూసలు పోసింది యాజమాన్యం. అరిగిన డై, చవగ్గా వస్తుందని కొన్న ముడిసరుకు, శిక్షణ ఇవ్వకుండా లైన్ మీద నిలబెట్టిన కాంట్రాక్టు కార్మికుడు... వీటిలో ఏదీ ఆపరేటర్ నిర్ణయం కాదు. లోపాల్లో 94 శాతం వ్యవస్థవేనని డెమింగ్ అంచనా.

మరి నిజంగానే నిర్లక్ష్యం చేసేవాడి మాటేమిటంటారు. దానికి 1924లోనే అమెరికా గణాంకవేత్త వాల్టర్ షూహార్ట్, లోపాల లెక్కను చుక్కలుగా పెట్టి పైనా కిందా హద్దుగీతలుండే కంట్రోల్ చార్ట్ గీశాడు. హద్దుగీత దాటిన చుక్కకు ప్రత్యేక కారణం వెతకాలి. గీతల లోపలి హెచ్చుతగ్గులు ఆ పద్ధతిలోనే ఉన్నాయి, వాటికి మనిషిని పట్టుకోవడం అన్యాయం. స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలోనే గణాంకవేత్త మహలనోబిస్ షూహార్ట్‌ను మన దేశానికి రప్పించాడు కాబట్టి ఈ లెక్క మనకు తెలియదనడానికి లేదు. ఈ పద్ధతులు జపాన్‌లో చెల్లాయి గానీ, ఆ క్రమశిక్షణ మనకెక్కడిదన్నది ఇంకో వాదన. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల ప్లాంటు గైర్హాజరుకూ గొడవలకూ పేరుమోసి 1982లో మూతపడింది. 1984లో జపాన్ కంపెనీ టయోటా భాగస్వామ్యంతో మళ్లీ తెరిచినప్పుడు తీసుకున్నది చాలావరకు ఆ పాత కార్మికులనే, యూనియనూ అదే. లోపం కనబడితే తాడు లాగి లైన్ ఆపే హక్కు వాళ్లకిచ్చారు. కొద్దికాలానికే ఆ ప్లాంటు నాణ్యతలో ముందు వరుసకు వచ్చింది. మన దగ్గర తాడు కట్టినా, లాగినవాణ్ని ఎందుకు ఆపావని నిలదీస్తే ఇంకెవడు లాగుతాడు? భయమున్నచోట లోపం తగ్గదు, దాక్కుంటుంది. ఫెయిలైన పరీక్షను రికార్డులోంచి తుడిచేసి, పాసయ్యేదాకా మళ్లీ చేసిన ఉదంతాలను అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీదారులు మన దేశపు మందుల ప్లాంట్లలో బయటపెట్టారు. ఆ మాత్రలు మింగేది మనుషులు.

ఫ్యాక్టరీ సంగతి ఇలా ఉంటే, అదే జబ్బు మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో పిల్లలకు అంటించాం. వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకుల జాబితా, ఇంటికి మెసేజ్. నాలుగు మార్కులు అటూ ఇటూ అయితే సెక్షన్ మారిపోతుంది. బడుల్లో మార్కుల ర్యాంకింగులు, బంగారు నక్షత్రాలు వద్దని కూడా డెమింగే మొత్తుకున్నాడు. అనుభవమున్న లెక్చరర్లను పై సెక్షన్లకే వేసి, కింది సెక్షన్ పిల్లవాడికి కష్టపడటం లేదని చెప్పడం పూసల పెట్టె అన్యాయమే. కాలేజీలు ర్యాంకుల పక్కనే ఏ సెక్షన్‌కు ఎవరు, ఎన్ని గంటలు పాఠం చెప్పారో కూడా గోడ మీద పెట్టాలి.