ఆటస్థలపు గోడ యెవరిది?

అమెరికాదేశమున బేస్‌బాలు ఆడు పట్టణములందు క్రీడాప్రాంగణముల గోడలపైనను, పరిసరపు మేడలపైనను ఊరి చిత్రకారులచేత ఊరివారి బొమ్మలు వేయించుట కలదు. 2024లో లాస్ ఏంజిలీసు నగరమున, అచ్చటివాడేయగు రాబర్ట్ వర్గాస్ అను చిత్రకారుడు జపానీయుడైన షోహెయ్ ఒటానీ యను ఆటగాని రూపమును 150 అడుగుల యెత్తున నొక హోటలు గోడపై చిత్రించెను. అది జపాను వలసజనులు నెలకొల్పిన లిటిల్ టోక్యో పేట. గోడకును, పేటకును, బొమ్మకును గల సంబంధ మెవరును విప్పిచెప్పనక్కరలేదు.

మన తెనాలి, బాపట్ల, రేపల్లెల సంగతి యేమి? ఇచ్చట గోడలకు కొరత లేదు. గోడలపై రంగులకును కొరత లేదు. ఆ రంగులలో ఊరు మాత్రము కానరాదు. ప్రహరీగోడ యనగా సిమెంటు ప్రకటనకో, నాయకుని జన్మదినపు ఫ్లెక్సీకో పుట్టినదని మనవారి నమ్మకము. పంచాయతీ భవనములకు నాటి పాలకపక్షపు పతాకవర్ణములు పూయుట తగదని రాష్ట్రోన్నత న్యాయస్థానము 2020లో తీర్పు చెప్పవలసివచ్చెను. సుప్రీంకోర్టును ఆ తీర్పునే నిలిపెను. ఒక పక్షమునే మేము నిందించుట లేదు. ప్రజల సొమ్ముతో కట్టిన గోడను తన సొంతగోడ యని తలచు జబ్బు అన్ని పక్షములకును కలదు.

"ఈ యూళ్లలో చిత్రింపదగిన దేమున్నది?" అని కొందరడుగుదురు. ఇంతకంటె సిగ్గుమాలిన ప్రశ్న యుండునా? 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది బాపట్లలో కాదా? పురపాలకసంఘపు పన్నులు మోయజాలక 1921లో ఊరినే విడిచి పాకలలో కాపురముండిన చీరాల పేరాల ప్రజలు నేటి బాపట్ల జిల్లావారు కారా? పన్నుల నిరాకరించిన పెదనందిపాటి రైతు లెవరు? 1942 ఆగస్టు 12వ తేదీని తెనాలిలో తుపాకిగుండ్లకు బలియైన యేడుగు రెవరు? వీరత్వమటుండనిండు. దక్షిణదేశమున ఇంటింట వండుకొను సాంబమసూరి, బి.పి.టి. 5204 అను పేర బాపట్ల పరిశోధనక్షేత్రమున పుట్టినది. దుగ్గిరాల పసుపు, సూర్యలంక వలలు, రేపల్లెకు పోవు రైలు, సందులలో చెడుగుడు ఆడు బాలురు, ఇవి బొమ్మలు కావా? ఆడుటకు వచ్చిన పిల్లవాడు గోడపై తన తండ్రి పనిని చూచుకొన్ననాడు ఆ ఆటస్థలము తనదని తెలిసికొనును.

"ఆ ధనముతో బంతులు కొనరాదా?" యని మరికొందరి వాదము. బంతులు కొనుడు, శిక్షకులను నియమింపుడు, మేము వలదనుట లేదు. కాని ఫ్లెక్సీలు కట్టునాడు ఈ బంతుల విచారము వీరి కేల కలుగదో మా కర్థము కాకున్నది. పేదరికపు కాలముననే మన పెద్దలు బందరు జాతీయ కళాశాలలో చిత్రకళను నేర్పించిరి. అది విలాసమని వారు తలచియుండిన అడివి బాపిరాజుగారివంటి చిత్రకారుడు మనకు దక్కెడివాడా?

చిత్రకారుడు లేడనుటయు నబద్ధమే. పాత యంత్రముల తుక్కుయినుముతో విగ్రహములను చేసి దూరదేశములవరకు పేరుగాంచిన శిల్పులు తెనాలివారే. కావలసినది కూలి. 2017లో మధుబని రైలుస్టేషను గోడలను ఆ ప్రాంతపు చిత్రకారులు శ్రమదానముగా నలంకరించిరి. వారి యౌదార్యము కొనియాడదగినదే. దానిని ఆచారముగా మార్చుకొను యధికారుల పొదుపు మాత్రము కొనియాడదగినది కాదు. సున్నము కొట్టినవానికి కూలి యిచ్చి, బొమ్మ వేసినవానికి శాలువ కప్పుట యే ధర్మము?

వేసిన బొమ్మకు రక్షణయు కావలయును. ఢిల్లీ విజ్ఞానభవనమున అమర్‌నాథ్ సెహగల్ అను శిల్పి పల్లెప్రజల జీవితమును 140 అడుగుల పొడవున కంచులో మలచెను. 1979లో ప్రభుత్వమువారు దానిని ఊడదీసి గిడ్డంగిలో పడవైచిరి. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పమును శిల్పికి తిరిగి యిచ్చి, ఐదు లక్షల రూపాయలు చెల్లింపుమని ప్రభుత్వము నాజ్ఞాపించెను. దేశ రాజధానిలోనే యిట్లు జరిగినచో, రేపల్లె గోడమీది బొమ్మ నెన్నికలనాటి సున్నపుబొచ్చెనుండి యెవరు కాపాడుదురు?

కావున మేము కోరునది నాలుగు మాటలు. బొమ్మ యేదో ఊరివారు సభచేసి తేల్చుకొనవలయును. చిత్రకారునికి ముందుగా నొడంబడికయు, తగిన కూలియు నుండవలయును. బ్రదికియున్న నాయకుని ముఖముగాని పక్షపు రంగుగాని ఆ గోడ కెక్కరాదు. చిత్రకారునికి తెలుపక దానిని చెరుపరాదు. ఈ నాలుగింటికి పెద్ద ధనమక్కరలేదు, పెద్ద మనసు కావలయును. పఠనమందిరములలో నీ మాటలు చదువు పౌరులారా! మీ పురపాలకసంఘపు సభకు పోయి, గోడ యెవరిదని యడుగుడు. మీరడుగనినాడు దానిపై మరియొక నాయకుడు చిరునవ్వు నవ్వుచుండును.