గేటు దాటిన మందుకు దిక్కెవరు?

మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లాలో 2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో దగ్గుమందు తాగిన ఇరవై మందికి పైగా పసిపిల్లలు మూత్రపిండాలు చెడిపోయి చనిపోయారు. తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ తరువాత జరగవలసినవన్నీ అలవాటు ప్రకారం జరిగిపోయాయి. యజమానిని అరెస్టు చేశారు, లైసెన్సు రద్దు చేశారు. తప్పు మీదంటే మీదని రెండు రాష్ట్రాల నాయకులు వాదులాడుకున్నారు. తయారీ నియమావళి అయిన షెడ్యూల్ ఎమ్‌ను తు.చ. తప్పకుండా పాటించాలని కేంద్రం మరోసారి ఆదేశించింది. చర్చ ఫ్యాక్టరీ లోపల మొదలై ఫ్యాక్టరీ లోపలే ముగిసింది.

ఆ రోజుల్లోనే మరో దృశ్యం కనిపించింది గాని దాని మీద ఎవరి దృష్టీ నిలవలేదు. సిరప్ విషమని తేలాక, ఆశా కార్యకర్తలను ఇంటింటికీ పంపి సీసాలను వెనక్కి తెప్పించాలని ప్రభుత్వం ఆదేశించవలసి వచ్చింది. అమ్ముడుపోయిన సీసాకు అది తప్పదనుకుందాం. కానీ ఏ బ్యాచ్ ఏ స్టాకిస్టుకు వెళ్లింది, అక్కడి నుంచి ఏ దుకాణానికి ఎన్ని సీసాలు చేరాయి అన్న సమాచారం ఒక్కచోట దొరికితే అరల్లో మిగిలిన సరుకునైనా గంటల్లో ఆపవచ్చు. తయారైన మందు రోగి చేతికి చేరే వరకు దాని ప్రయాణాన్ని కాపలా కాసే నియమాలనే ప్రపంచమంతా ‘మంచి పంపిణీ పద్ధతులు’ అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని 2010లో ప్రచురించి, 2020లో నిల్వ నియమాలతో కలిపి సవరించింది. ఐరోపా కూటమి 2013లో తన మార్గదర్శకాలను తిరగరాసుకుంది. మన కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ 2018లో ఒక ముసాయిదా విడుదల చేసింది. ఏళ్లు గడిచాయి. తయారీకి షెడ్యూల్ ఎమ్ ఉన్నట్టుగా పంపిణీకి చట్టబలం గల షెడ్యూలు మాత్రం రాలేదు.

ప్రస్తుతం ఉన్న చట్టం ఏమడుగుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1945 నాటి ఔషధ నియమాల్లో 64వది టోకు వ్యాపారి అర్హతలు చెబుతుంది. పది చదరపు మీటర్ల స్థలం ఉండాలి. బాధ్యుడిగా ఫార్మసిస్టు ఉండాలి, లేదా ఏడాది అనుభవం గల ఏదో ఒక డిగ్రీదారు, అదీ లేదంటే మందుల అమ్మకంలో నాలుగేళ్ల అనుభవం గల పదో తరగతి ఉత్తీర్ణుడు చాలు. నిల్వకు తగిన ఏర్పాట్లు ఉండాలని కూడా ఉంది గాని, ‘తగిన’ అన్న మాటకు అర్థం ఆ రోజు వచ్చిన ఇన్‌స్పెక్టర్ దయ. ఇక సరుకు మోసే లారీ సంస్థకు మందుల లైసెన్సే అక్కర్లేదు. విదర్భలో ఎండ 45 డిగ్రీలు దాటే మే నెలలో, టార్పాలిన్ కింద సిమెంటు బస్తాల పక్కన రెండు రోజులు ఉడికిన అట్టపెట్టె మీద ‘30 డిగ్రీలు మించని చోట ఉంచవలెను’ అని అచ్చువేసి ఉంటుంది. డ్రైవరుకు ఆ సంగతి చెప్పేవారుండరు. చెప్పినా అతను చేయగలిగిందీ లేదు.

అసలు కిటుకు ఔషధ చట్టం 19వ సెక్షన్‌లో ఉంది. నాసిరకం మందు దొరికితే, దాన్ని లైసెన్సున్న వారి దగ్గరే కొన్నానని, లోపం తనకు తెలియదని, తన దగ్గర ఉన్నంతకాలం సక్రమంగా నిల్వ చేశానని రుజువు చేసుకున్న వ్యాపారి శిక్ష తప్పించుకోవచ్చు. న్యాయమైన రక్షణే. అయితే సక్రమంగా నిల్వ చేశాననడానికి రుజువేమిటి? రోజువారీ ఉష్ణోగ్రత పుస్తకమా, యంత్రం నమోదు చేసిన రికార్డా, బిల్లుల కట్టా? అది తేల్చవలసిన నియమావళే ముసాయిదాగా మిగిలిపోయింది. కాబట్టి తయారీదారు ‘నా గేటు దాటినప్పుడు బాగుంది’ అంటాడు, స్టాకిస్టు ‘నా దగ్గరికి ఇలాగే వచ్చింది’ అంటాడు. మధ్యలో రవాణా సంస్థ ఎవరి ఎఫ్‌ఐఆర్‌లోనూ ఉండదు. నియంత్రణ సంస్థ ప్రతి నెలా విడుదల చేసే నాసిరకం మందుల జాబితాలో బ్యాచ్ సంఖ్య, తయారీదారు పేరు ఉంటాయి. ఆ బ్యాచ్ ఏ గోదాములో ఎన్నాళ్లు మగ్గిందన్న గడి అందులో లేదు.

దీని మూల్యం ఎవరు చెల్లిస్తారో తెలియాలంటే ప్రసూతి గదిలోకి వెళ్లాలి. కాన్పు తరువాత రక్తస్రావం ఆగడానికి ఇచ్చే ప్రధానమైన ఇంజెక్షన్ ఆక్సిటోసిన్. వేడికి అది శక్తి కోల్పోతుంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థలు 2019లో ఉమ్మడి ప్రకటన చేశాయి. పేద, మధ్యాదాయ దేశాల్లో జరిగిన సర్వేలు ప్రమాణాలకు తూగని ఆక్సిటోసిన్‌ను పదేపదే బయటపెట్టాయి. చల్లదనం తప్పిన సీసా చూడటానికి మంచి సీసాలాగే ఉంటుంది, రంగు మారదు, వాసన రాదు. మందు పనిచేయకపోతే డాక్టరు మరో మోతాదు ఇస్తాడు, రక్తం కోసం పరుగెత్తిస్తాడు. తల్లి చనిపోతే మరణ కారణం రక్తస్రావం అని రాస్తారు. ఖాళీ సీసా చెత్తబుట్టలోకి పోతుంది, దాన్ని ల్యాబుకు పంపాలని ఎవరికీ తోచదు. ఇదే ఆక్సిటోసిన్ గురించి ఢిల్లీ 2018లో పెద్ద హడావుడి చేసింది. గేదెలకు పాల కోసం పొడుస్తున్నారంటూ ప్రైవేటు తయారీని నిషేధించి ఒక ప్రభుత్వ రంగ సంస్థకే అప్పగించబోయింది. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. గేదెల మీద చూపిన శ్రద్ధలో కొంతైనా ఫ్రిజ్ మీద చూపి ఉండవలసింది.

చేతకాక కాదు. సార్వత్రిక టీకా కార్యక్రమం కింద దేశంలో దాదాపు 29 వేల శీతల నిల్వ కేంద్రాలు నడుస్తున్నాయి. 2015లో మొదలైన ఈవిన్ వ్యవస్థ ఫ్రిజ్ ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు అధికారి ఫోనుకు చేరవేస్తుంది. టీకా సీసా మీద వేడి తగిలితే రంగు మారే చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని చూసి వేయాలో పారేయాలో గ్రామంలోని ఏఎన్‌ఎం చెప్పగలదు. హైదరాబాద్ శివార్ల ఫ్యాక్టరీల నుంచి ఐరోపాకు వెళ్లే సరుకు వెంట ప్రతి అంచెలో ఉష్ణోగ్రత రికార్డు వెళుతుంది, ఎందుకంటే లేకపోతే అక్కడి కొనుగోలుదారు తిప్పి పంపేస్తాడు. అదే నగరంలో, తన జేబులోంచి డబ్బు పెట్టి ఇన్సులిన్ కొనుక్కునే మధుమేహ రోగికి మాత్రం ఆ సీసా మొన్నటి కరెంటు కోతలో ఎక్కడుందో చెప్పే దిక్కు లేదు. పది నిమిషాల్లో మందు ఇంటికి తెస్తామనే యాప్‌లు ఇప్పుడు అదనం. ఆన్‌లైన్ మందుల అమ్మకాలపై నియమాల ముసాయిదా కూడా 2018దే, అదీ అక్కడే ఆగింది. 2018 ముసాయిదాల జాతకమే అలా ఉంది కాబోలు.

ఆగడానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. తమకు 12 లక్షలకు పైగా సభ్యులున్నారని మందుల వ్యాపారుల అఖిల భారత సంఘం చెప్పుకుంటుంది. ప్రతి పట్టణంలో, ప్రతి వార్డులో ఉన్న ఇంత పెద్ద వర్గాన్ని ఏ పార్టీ కదిలించుకుంటుంది? వారి వాదనను తేలికగా కొట్టేయనక్కర్లేదు. టోకు వ్యాపారి లాభం పలచన, ఏసీ గోదాము ఖర్చు నిజం, నియమాలు పెరిగితే లంచాల రేటు పెరుగుతుందన్న భయమూ నిజమే. చిన్నవాళ్లు మూతబడి సరఫరా అంతా నాలుగు కార్పొరేట్ కంపెనీల చేతికి పోతుందన్న ఆందోళన అన్నిటికన్నా గట్టిది. కానీ దానికి జవాబు చిన్న ఫ్యాక్టరీల విషయంలో ప్రభుత్వమే చూపింది. కొత్త షెడ్యూల్ ఎమ్‌కు మారడానికి 250 కోట్ల టర్నోవరు లోపు సంస్థలకు ఎక్కువ గడువిచ్చింది, దాన్నీ పొడిగించింది. పంపిణీదారులకూ గడువివ్వవచ్చు, ఫ్రిజ్‌లకూ ఉష్ణోగ్రత యంత్రాలకూ రుణమివ్వవచ్చు. ఇన్సులిన్, ఆక్సిటోసిన్, క్యాన్సర్ ఇంజెక్షన్ల వంటి వాటితో మొదలుపెట్టి మిగతావి తరువాత చేర్చవచ్చు.

ఇందుకు బదులు ప్రభుత్వం చూపేది క్యూఆర్ కోడ్. 2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మీద అది తప్పనిసరి. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా ఖాళీ క్యాన్సర్ మందు సీసాలను సేకరించి, నకిలీ నింపి అమ్మింది. అసలైన సీసాలోనే నకిలీ మందు అమ్మే దేశంలో కోడ్ ఒక్కటే ఏం కాపాడుతుంది? అది తయారీదారు పేరు, బ్యాచ్, గడువు తేదీ చెబుతుంది, లారీలో గడిచిన రెండు రోజుల సంగతి చెప్పదు.

తనిఖీ సంగతి సరేసరి. ప్రతి 200 అమ్మకపు కేంద్రాలకు ఒక ఇన్‌స్పెక్టర్ ఉండాలని మషేల్కర్ కమిటీ 2003లోనే చెప్పింది. వ్యాపారుల సంఘం చెప్పే 12 లక్షల లెక్కనే తీసుకుంటే, దుకాణాలకూ గోదాములకూ కలిపి ఆరు వేల మంది కావాలి. పార్లమెంటులో మందుల నాణ్యతపై ఈసారి ప్రశ్న వేసే సభ్యుడు ఎన్ని ఫ్యాక్టరీలు మూయించారని కాక, ఈ ఆరు వేలలో ఎందరున్నారు, 2018 ముసాయిదా ఎవరి బల్ల మీద ఉంది అని అడగాలి.