కాలు మడత పడింది, నీళ్ళ వల్ల కాదు

జుంబా క్లాసులో చేరిన మూడో రోజే నా కుడికాలు మడత పడింది. పాట మంచి ఊపులో ఉంది. ముందు వరుసలో అక్క కుడివైపు రెండడుగులు వేసి గిర్రున తిరిగింది. నేనూ తిరిగా. ఒళ్ళు తిరిగింది కానీ, షూ మాత్రం టైల్స్‌కి అతుక్కుని అక్కడే ఉండిపోయింది. పాదం లోపలికి ఒరిగింది, చీలమండ బయటివైపు కిటుక్కుమంది. అక్కడే కూలబడ్డా. ట్రైనర్ పాట ఆపేసింది, ఇరవై మంది చుట్టూ చేరారు. నిజం చెప్పాలంటే నొప్పి కన్నా సిగ్గే ఎక్కువ.

ఇదే మొదటిసారి అయ్యుంటే ఈ వారం ఇంకేదైనా రాసేదాన్ని. కానీ నా కుడికాలికి ఇది పాత అలవాటు. ఇంజినీరింగ్ సెకండియర్‌లో హాస్టల్ మెట్ల మీద మొదలైంది. ఆ తర్వాత బస్సు దిగుతూ ఒకసారి, కజిన్ బరాత్‌లో ఒకసారి, చివరికి ఆఫీసులో చదునుగా ఉన్న కార్పెట్ మీద కూడా ఒకసారి. ప్రతిసారీ క్రేప్ బ్యాండేజీ చుట్టుకోవడం, వారం కుంటడం, వాపు తగ్గగానే మర్చిపోవడం.

ఇంటికొచ్చేసరికి అమ్మ తీర్పు రెడీగా ఉంది. "మనూరి నీళ్ళు తాగిన కాళ్ళు బిడ్డా అవి. గట్ల ఎగిరితె ఆగుతయా? నీకెందుకా ఎగురుడు?"

మాది మర్రిగూడ మండలం. నల్గొండ జిల్లా వాళ్ళకి ఆ పేరు చెబితే చాలు, మిగతాది అర్థమవుతుంది. మిగతావాళ్ళ కోసం కొంచెం చెప్తా. అక్కడ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా దగ్గర అంతకు ఎన్నో రెట్లున్న బోర్లు ఉండేవి. చిన్నప్పుడు ఆ నీళ్ళు తాగితే పళ్ళ మీద గోధుమ రంగు చారలొస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లోకి చేరుతుంది. కీళ్ళు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది, కొందరు పిల్లలకి కాళ్ళే వంకర పోయాయి. ఇది మా జిల్లాకే పరిమితం కాదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి మొదటి రిపోర్టు 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది.

మా నాయనమ్మ మెడ పక్కకి తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. కింద కూర్చుని ఎన్నేళ్ళయిందో తనకే గుర్తు లేదు. నా పళ్ళ మీద కూడా ఆ చారలున్నాయి. కాలేజీ ఫొటోలన్నిటిలో నోరు మూసుకునే నవ్వాను. అందుకే అమ్మ మాట నన్ను గట్టిగానే పట్టుకుంది. పళ్ళల్లో ఉన్నది ఎముకల్లో లేదని గ్యారంటీ ఏంటి? నిజానికి కాలు మడత పడ్డ ప్రతిసారీ ఇదే అనుకునేదాన్ని, బయటికి అనలేదంతే. ‘మా కాళ్ళింతే’ అనుకుని ఆఫీసు షటిల్ టీములో పేరు ఇవ్వలేదు, ట్రెక్కింగ్ ప్లాన్ వేస్తే ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. ఇప్పుడు జుంబా కూడా మానేసేదాన్నే. అయితే మూడు నెలల ఫీజు ముందే కట్టేశా.

మర్నాడు నల్గొండలోనే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్ళా. ముందు ఎక్స్‌రే అవసరమా కాదా చూశారు. దీనికి డాక్టర్లు వాడే ఒక తేలికైన పద్ధతి ఉంది, 1992లో కెనడాలోని ఒట్టావాలో తయారైంది. చీలమండకి రెండు పక్కలా ఉబ్బుగా ఉండే ఎముకల వెనక అంచున, కింది 6 సెంటీమీటర్ల మేర నొక్కితే ఎముక మీదే నొప్పి ఉందా? పాదం మధ్యలో బయటి అంచునో లోపలి అంచునో నొక్కితే నొప్పి ఉందా? దెబ్బ తగిలిన వెంటనే, మళ్ళీ ఇప్పుడూ, కుంటుతూ అయినా నాలుగడుగులు వేయలేకపోతున్నారా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఎక్స్‌రే తీయించాలి. నాకు అన్నిటికీ కాదనే వచ్చింది.

తర్వాత మడమ పట్టుకుని పాదాన్ని ముందుకు లాగి చూశారు. ఎడమ పాదం కదల్లేదు, కుడిది కొంచెం జారింది. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నారు. ఎడమకాలి మీద ఇరవై రెండు సెకన్లు నిలబడ్డా. కుడికాలి మీద నాలుగు.

అప్పుడు అడిగా, ఇది ఫ్లోరైడ్ వల్లనా అని. మేడమ్ నవ్వలేదు, అందుకు థాంక్స్. "ఫ్లోరోసిస్‌లో కీళ్ళు బిగుసుకుపోతాయమ్మా. నీ కీలు వదులైంది. మీ నాయనమ్మ కాళ్ళు వంగవు, నీ కాలు ఆగదు. రెండూ ఒకటెట్లా అవుతాయి?" అన్నారు. పళ్ళ మీద చారలుంటే ఎముకలు కూడా పాడైనట్టు కాదని కూడా చెప్పారు. అసలు కారణం ఆ హాస్టల్ మెట్లే. చీలమండ బయటివైపు ఎముకలని పట్టి ఉంచే లిగమెంట్ అప్పుడే సాగింది. నేను వాపు తగ్గేదాకా ఆగాను తప్ప, దానికి మళ్ళీ బలం తెప్పించలేదు. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణకడానికి ఎక్కువ చాన్స్ ఉంటుందట. కాలు ఎటు ఒరుగుతోందో మెదడుకి చెప్పే నరాల కొసలు ఆ లిగమెంట్‌లోనూ, చుట్టూ ఉన్న కండరాల్లోనూ ఉంటాయి. అవి దెబ్బతింటే కబురు లేటుగా వెళ్తుంది, కండరం బిగుసుకునేలోపే కాలు మడత పడిపోతుంది. మా భాషలో చెప్పాలంటే అలర్ట్ వచ్చేసరికే సర్వర్ డౌన్.

ఇంట్లో అమ్మ పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తానంది. (పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. నాగ్‌పూర్ నీరీ సంస్థ తయారుచేసింది, ఇథియోపియా, టాంజానియాల్లోనూ వాడి చూశారు. మా సున్నానికి అంత చరిత్ర ఉంది, కానీ లిగమెంట్ మీద పనిచేయదు.) పట్టు వల్ల లాభం లేదు, ఎవరితోనూ గట్టిగా పిసికించి లాగించుకోవడం మాత్రం అస్సలొద్దన్నారు మేడమ్. మొదటి రెండు రోజులు కాలు ఎత్తులో పెట్టుకోవడం, బ్యాండేజీ, నొప్పి ఓర్చుకోగలిగినంత నడక. అంతే.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద ముప్పై సెకన్లు. అది వచ్చాక కళ్ళు మూసుకుని, అదీ వచ్చాక మడతపెట్టిన బొంత మీద. పడబోతే పట్టుకోవడానికి పక్కన గోడ ఉండాల్సిందే. మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించడం, పదిహేను చొప్పున మూడుసార్లు. టేబుల్ కాలికి రబ్బరు బ్యాండ్ కట్టి, పాదంతో బయటికి లాగడం. స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసి ఇదే చేసేదాన్ని. రెండో వారానికి బోర్ కొట్టి మానేశా. నాలుగు రోజుల తర్వాత ఒంటికాలి మీద నిలబడితే మళ్ళీ వణుకు. అప్పటి నుంచి మానలేదు.

ఆరు వారాలకి క్లాసుకి తిరిగి వెళ్ళా. అంతకు ముందు పానగల్ చెరువు కట్ట మీద రోజూ నడిచి చూసుకున్నా, కుడికాలి మీద నొప్పి లేకుండా గెంతగలుగుతున్నానా అని కూడా. షూ మార్చా. నావి రన్నింగ్ షూ. మడమ దగ్గర ఎత్తుగా, మెత్తగా, కింద బాగా పట్టుగా ఉంటాయి. ముందుకు పరిగెత్తడానికి బాగుంటాయి కానీ పక్కలకి జరిగి తిరిగే ఆటకి కాదు. ఇప్పుడు అడుగు చదునుగా, వెడల్పుగా ఉన్నవి కొన్నా. క్లాసు టైములో లేసులున్న యాంకిల్ బ్రేస్ వేసుకుంటున్నా.

ఇవన్నీ తేలికే. ట్రైనర్‌కి చెప్పడమే కష్టమైంది. మొదటి రోజే "ఎవరికైనా పాత దెబ్బలున్నాయా?" అని అడిగింది, నేను లేవన్నా. ముప్పై కూడా నిండకుండా కాలు బాగాలేదని యాభై ఏళ్ళ ఆంటీల ముందు ఏం చెప్తాం! ఈసారి పది నిమిషాలు ముందే వెళ్ళి మొత్తం చెప్పేశా. ఆమె నన్ను వెనక వరుసలో గోడ పక్కన పెట్టింది. మొదటి నెల గెంతులన్నిటి బదులు ఉన్నచోటే అడుగులు. తిరిగేటప్పుడు పాదం నేల మీద గింగిర్లు కొట్టకూడదు, ఎత్తి, తిప్పి, పెట్టాలి. నేను పాటకి సగం బీటు వెనక ఉంటా. ఎవరూ చూడరు, అందరికీ అద్దంలో తమ బొమ్మ తప్ప వేరేది కనిపించదు. నా పక్కన నిలబడే ఒకామె రెండో రోజు మెల్లిగా, తన మోకాలి సంగతి కూడా ట్రైనర్‌కి చెప్పలేదని చెప్పింది. చెప్పమన్నా. ఇంకా చెప్పలేదు.

అమ్మ పూర్తిగా నమ్మలేదు. నీళ్ళ మీద ఆమెకున్న కోపం ఒక ఫిజియో మాటతో పోయేది కాదు, పోవాలని నేనూ అనుకోవట్లేదు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచే నాటికి మా నాయనమ్మ మెడ బిగుసుకుపోయి చాలా ఏళ్ళయింది.

పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకుని పెరట్లో నిలబడితే, నాయనమ్మ మంచం మీద నుంచి మొత్తం మనిషి ఇటు తిరిగి చూస్తుంది.

"కొంగ లెక్క నిలబడ్డవేందే?"

కాలు గట్టిపడడానికి అని, ముప్పై లెక్కపెట్టమని అడిగా. ఇప్పుడు అదే ఆమె డ్యూటీ. వేళ్ళ కణుపులు పట్టుకుని మెల్లిగా లెక్కపెడుతుంది. ఇరవై దాటాక ఎక్కడున్నదీ మర్చిపోయి మళ్ళీ పదిహేను నుంచి మొదలుపెడుతుంది. ఆమె ముప్పై అనేసరికి నా ఫోన్‌లో నిమిషం పైనే అవుతుంది. కాలు వణుకుతుంటుంది. నేను మాత్రం తప్పు చెప్పను.