ఇంట్లో లెక్కలు నేర్పాలంటే ముందు సర్కారు పుస్తకం తెరవాలి

ఐదారేళ్ల పిల్లలకు ఇంట్లోనే లెక్కలు నేర్పాలనుకునే తల్లిదండ్రులకు మొదట వచ్చే సందేహం ఏ పుస్తకం కొనాలన్నది. కొందరు బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తారు. కొందరు బడికి పంపుతూనే ట్యూషన్ మాన్పించి సాయంత్రాలు తామే కూర్చోబెడతారు. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకైతే ఇంటి వద్ద చదువుకునే హక్కును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణే ఇచ్చింది. తెలంగాణలోని జహీరాబాద్‌లో ఇలాంటి కుటుంబాల్లో దేనికీ బజారులో వెతుకులాట అక్కర్లేదు. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) తయారుచేసిన ఒకటి, రెండు తరగతుల గణితం పుస్తకాలను ఆధారం చేసుకుని, ఇంట్లోని వస్తువులతో నేర్పడం మేలైన దారి. ఖరీదైన వర్క్‌బుక్కులు, అబాకస్ కోర్సులు, ఫోన్ యాప్‌లు ఆ తర్వాతి మాట.

సర్కారు పుస్తకం ఉచితంగా దొరుకుతుందన్నది చిన్న కారణమే. పెద్ద కారణం భాష. బీదర్ సరిహద్దున ఉన్న ఈ ఊళ్లో ఇంట్లో కన్నడమో మరాఠీయో, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు వినే పిల్లలు ఎందరో. 2022-23 నుంచి రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ పక్కపక్కనే ముద్రణ అవుతున్నాయి. ఇంగ్లీషు రాని తల్లి కూడా తెలుగు పుట చూసి అదే పాఠం చెప్పగలదు. ఉర్దూ మాధ్యమం పుస్తకాలు వేరుగా ఉన్నాయి. అయితే అంకెలు లెక్కపెట్టడానికి మొదటి ఏడాది ఒకే భాష పెట్టుకోవాలి. తెలుగులో ఇరవై దాటాక పదులు, ఒకట్లు వరుసగా వినిపిస్తాయి: ఇరవై తొమ్మిది, నలభై తొమ్మిది. ఉర్దూలో 29 ఉంతీస్, 49 ఉంచాస్. నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్యనూ విడిగా గుర్తుంచుకోవాలి. ఉర్దూలో లెక్కపెట్టే ఇంట్లో దీనికి ఇంకొన్ని నెలలు ఎక్కువ పడితే అది పిల్లవాడి మొద్దుతనం కాదు.

ఏ పుస్తకం మంచిదో తేల్చుకోవడానికి అట్ట చూడనక్కర్లేదు, రెండంకెల తీసివేత పాఠం తెరిస్తే చాలు. 42 లోంచి 17 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. ఏడులోంచి రెండు పోతే ఐదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు! పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడం ఒక్కటే వాళ్లకు అలవాటైంది. ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అని చెప్పే పుస్తకం జవాబు సరిచేస్తుంది గానీ ఆ అప్పు ఏమిటో చెప్పదు. చీపురు పుల్లలు పదేసి కట్టి, నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు పిల్ల చేతికిచ్చి పదిహేడు అడగాలి. రెండు పుల్లల్లోంచి ఏడు ఇవ్వలేక, కాసేపు చూసి, ఆ పిల్లే ఒక కట్ట విప్పుతుంది. ఇప్పుడు కట్టలు మూడు, విడి పుల్లలు పన్నెండు. ఏడు పుల్లలు, ఒక కట్ట ఇచ్చేస్తే మిగిలింది 25. ఈ పని పది పదిహేను సార్లు చేశాక బొమ్మ గీయించాలి, ఆ తర్వాతే అంకెలు రాయించాలి. ఈ వరుస పాటించే పుస్తకం ఏదైనా మంచిదే. పాటించనిది ఎంత ధర పెట్టినా వద్దు.

పేరున్న విదేశీ పద్ధతుల్లోనూ పనికొచ్చేది ఇదే. సింగపూర్ 1980ల నుంచి బడుల్లో పెట్టిన గణితం వస్తువు, బొమ్మ, అంకె అన్న క్రమంలోనే నడుస్తుంది. మాంటిస్సోరి పూసల దండలు పదుల కట్టలకు మరో రూపం. కుమోన్ 1954లో జపాన్‌లో తోరు కుమోన్ అనే ఉపాధ్యాయుడు తన కొడుకు కోసం ఇంట్లో రాసిన కాగితాలతో మొదలైంది. అర్థమైన లెక్క వేగంగా చేయడానికి పనికొస్తుంది, అర్థం చేయించడానికి అంతగా పనికిరాదు. అబాకస్ తరగతుల వేగం చూసి మురిసిపోయే తల్లిదండ్రులు ఆ పిల్లలను కట్ట విప్పే లెక్క అడిగి చూడాలి. పైగా కొన్ని విదేశీ పుస్తకాల్లో డాలర్లు, అంగుళాలు ఉంటాయి; వాటిని రూపాయలుగా, సెంటీమీటర్లుగా మార్చుకుంటూ కూర్చోవడం తల్లికి అదనపు చాకిరీ.

ఎంత వేగంగా నడపాలన్నదానికి కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు చాలు: ఒకటో తరగతి అయ్యేసరికి 99 వరకు, రెండులో 999 వరకు, మూడులో 9999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం. రాష్ట్రంలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ పునాది కోసమే. రోజుకు అరగంట మించనక్కర్లేదు. మిగతాది అష్టాచెమ్మా చూసుకుంటుంది. గవ్వలు వేసి, ఎనిమిదో నాలుగో పడితే మళ్లీ వేసి, మొత్తం కూడి కాయ నడిపే పిల్లకు కూడికల పేజీ వేరే ఎందుకు? కూరగాయల మార్కెట్‌లో పావు కిలో అల్లం ధర కట్టించవచ్చు. పస్తాపూర్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు విత్తనం అప్పిచ్చి రెట్టింపు తీసుకునే లెక్క రెండో ఎక్కానికి సరిపోతుంది. అదే సంస్థ మాచునూరులో నడిపిన పచ్చసాలె అనే బడిలో చేతిపని, చదువు కలిసే సాగాయి.

ఇంట్లో చదివితే తర్వాత బడిలో చేర్చుకోరేమోనన్న భయం అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. బడి బయట చదివేవారి కోసం ఉన్న జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఎ, బి, సి స్థాయిలు వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం.

ఇక బడులు, పురపాలక సంఘం చేయాల్సింది ఒకటుంది. జూన్‌లో బడులు తెరిచినప్పుడే ప్రతి ప్రాథమిక పాఠశాల తన తరగతి లక్ష్యాలను ఒక్క కాగితంపై తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీల్లో అచ్చువేసి ఇళ్లకు పంపాలి. గ్రంథాలయంలో ఒకటి నుంచి మూడు తరగతుల గణితం పుస్తకాలతో పాటు అరువిచ్చే సంచులు ఉంచాలి. ఒక్కో సంచిలో నూరు పుల్లలు, పది రబ్బరు బ్యాండ్లు, గవ్వలు, ఆట నోట్లు, ఒక స్కేలు, వాటిని ఎలా వాడాలో చెప్పే రెండు పుటల కాగితం ఉంటే సరిపోతుంది. పదిహేను రోజుల గడువుకు ఇచ్చి, తిరిగి తెచ్చినప్పుడు పుల్లలు లెక్కపెట్టే పని పిల్లలకే అప్పగించాలి.